లివర్ బాగానే ఉంది, మరి అలసట ఎక్కడిది? రన్నర్ల రక్త పరీక్షలను అర్థం చేసుకోవడం

ముందు ఒక రిపోర్టు చూద్దాం. ఇది నిజంగా ఎవరిదో కాదు, ఈ వ్యాసం కోసం నేను కల్పించినది. కానీ ఇలాంటి కాగితం పట్టుకుని కంగారుపడే రన్నర్లు చాలామందే ఉంటారు.

ఆమెకు 34 ఏళ్లు. నాలుగేళ్లుగా పరిగెడుతోంది, రెండు ఫుల్ మారథాన్లు పూర్తిచేసింది. మూడు నెలలుగా మాత్రం కాళ్లు మాట వినడం లేదు. ఇదివరకు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తిన వేగానికే ఇప్పుడు ఆయాసం వస్తోంది. మెట్లెక్కితే తొడలు బరువెక్కుతున్నాయి. జ్వరం లేదు, నిద్రకు లోటు లేదు. ఆదివారం 28 కిలోమీటర్లు పరిగెత్తి, సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లి ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుంది. సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కి వచ్చింది.

హిమోగ్లోబిన్ 12.4. ఫెరిటిన్ 18. ఎస్‌జీవోటీ 74. ఎస్‌జీపీటీ 49. సీకే 860. విటమిన్ డి 24. టీఎస్‌హెచ్ 2.6. వీటిలో ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ, సీకే ఎక్కువని, విటమిన్ డి తక్కువని ల్యాబ్ ఎర్ర అక్షరాల్లో చూపించింది. మిగతావన్నీ నల్ల అక్షరాల్లో, అంటే మామూలుగానే ఉన్నాయి. ఆ రాత్రి ఆమె నిద్ర మానుకుని లివర్ జబ్బుల గురించి చదువుతూ కూర్చుంది.

ఆ కాగితం మీద ఆమె అలసటకు ఏదైనా ఆధారం ఉందంటే అది ఎర్ర అక్షరాల్లో లేదు. ఎవరూ పట్టించుకోని నల్ల అంకె ఒకటి ఉంది, అదే. అలా ఎందుకైందో తెలియాలంటే ఆ ఎర్ర రంగు ఎవరు, ఏ లెక్కన వేస్తారో ముందు తెలియాలి.

## రెఫరెన్స్ రేంజ్ అంటే ఆరోగ్యానికి సరిహద్దు కాదు

ప్రతి పరీక్ష పక్కనా ల్యాబ్ ఒక రేంజ్ ముద్రిస్తుంది. ఎక్కువ పరీక్షలకు ఆ రేంజ్ పుట్టే పద్ధతి ఇది: ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించే చాలామంది రక్తం పరీక్షిస్తారు. వచ్చిన విలువల్లో పై నుంచి 2.5 శాతం, కింద నుంచి 2.5 శాతం తీసేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతమే రేంజ్. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి 20 మందిలో ఒకరు, కేవలం లెక్క ప్రకారమే, రేంజ్ బయట పడతారు.

దీన్ని ప్యాకేజీకి వర్తింపజేస్తే తమాషాగా ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకున్నారనుకోండి. ఏ జబ్బూ లేకపోయినా అన్నీ రేంజ్‌లోనే రావడానికి అవకాశం 36 శాతమే. కనీసం ఒక్క ఎర్ర అంకె కనపడే అవకాశం 64 శాతం. పరీక్షలు 40 చేస్తే అది 87 శాతానికి చేరుతుంది. నిజానికి చాలా పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా ఉండదు. అయినా పెద్ద ప్యాకేజీ కొన్నప్పుడు దాంతోపాటు కొంత టెన్షన్ కూడా కొన్నట్టే.

ఇంకో చిక్కుంది. ఆ రేంజ్ కోసం రక్తమిచ్చిన జనం నిన్న 28 కిలోమీటర్లు పరిగెత్తి రాలేదు.

## లివర్ పేరుతో బయటపడే కండరం

ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీలను 'లివర్ ఎంజైములు' అని పిలవడం అందరికీ అలవాటైపోయింది. కానీ ఈ రెండూ కండరాల్లో కూడా ఉంటాయి, ముఖ్యంగా ఎస్‌జీవోటీ. దూరం పరిగెత్తినప్పుడు, అందులోనూ పల్లం దిగేటప్పుడు, తొడ కండరాల పోగులకు సూక్ష్మమైన గాయాలవుతాయి. వాటి లోపలి సరుకు రక్తంలోకి కారుతుంది. క్రియాటిన్ కైనేజ్, అంటే సీకే, అలా కారేవాటిలో ముఖ్యమైనది. మామూలుగా 200 లోపు ఉండే సీకే, మారథాన్ తర్వాత ఒకటి రెండు రోజులకు వేలల్లోకి వెళ్లడం అరుదేమీ కాదు.

2008లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనం దీన్ని బాగా చూపించింది. బరువులెత్తే అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న 15 మంది మగవాళ్లతో ఒక గంట సేపు వెయిట్ ట్రైనింగ్ చేయించారు. సీకేతో పాటు ఆ రెండు 'లివర్' ఎంజైములూ కనీసం 7 రోజుల పాటు పెరిగే ఉన్నాయి. కండరంతో అంతగా సంబంధం లేని లివర్ కొలతలు జీజీటీ, బిలిరుబిన్ మాత్రం కదల్లేదు. అందుకే లివరా, కండరమా అన్న అనుమానం వచ్చినప్పుడు డాక్టర్లు సీకే, జీజీటీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మన రన్నర్ రిపోర్టులో సీకే 860 ఉంది కాబట్టి ఎస్‌జీవోటీ 74 ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అది ఆదివారం నాటి పరుగు.

గట్టి పరుగు తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, తెల్ల రక్తకణాలు, గుండెపోటు అనుమానం వచ్చినప్పుడు చూసే ట్రోపోనిన్ కూడా కొంతసేపు పెరగవచ్చు. అలాగని పరుగు తర్వాత పెరిగిందల్లా మామూలే అనుకోకూడదు. భరించలేని కండరాల నొప్పి, వాపు, టీ డికాక్షన్ రంగులో మూత్రం కలిసి వస్తే అది కండరం భారీగా విచ్ఛిన్నమై కిడ్నీల మీద పడుతున్న సూచన కావచ్చు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి.

## హిమోగ్లోబిన్ తగ్గినట్టు కనిపిస్తూనే పెరగవచ్చు

ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని కండరాల దగ్గర దింపుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ఎండ్యూరెన్స్ క్రీడల్లో దీనికి అంత ప్రాధాన్యం ఉన్నది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డెసిలీటరుకు మగవాళ్లలో 13 గ్రాములు, గర్భవతులు కాని ఆడవాళ్లలో 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. మన రన్నర్‌ది 12.4. కాగితం ప్రకారం రక్తహీనత లేదు.

ఇక్కడ గమనించాల్సిన మాట 'డెసిలీటరుకు'. ల్యాబ్ కొలిచేది ఒంట్లో ఉన్న మొత్తం హిమోగ్లోబిన్‌ని కాదు, చిక్కదనాన్ని. పాలల్లో నీళ్లు కలిపితే పాలు తగ్గవు, పలచబడతాయి. శిక్షణ మొదలుపెట్టిన కొద్ది రోజులకే శరీరం చేసే మొదటి మార్పుల్లో ఒకటి సరిగ్గా ఇదే. రక్తంలోని నీటి భాగాన్ని, అంటే ప్లాస్మాని, పెంచుకుంటుంది. దానివల్ల గుండె ఒక్కో కొట్టుడుకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, ఒంటి వేడి కూడా సులువుగా బయటికి పోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక రన్నర్ ఒంట్లో 4.6 లీటర్ల రక్తం, అందులో మొత్తం 600 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందనుకుందాం. డెసిలీటరుకు 13 గ్రాములు వస్తుంది. కొన్ని నెలల శిక్షణ తర్వాత మొత్తం హిమోగ్లోబిన్ 620 గ్రాములకు పెరిగింది, రక్తం మాత్రం 5 లీటర్లయింది. ఇప్పుడు ల్యాబ్ చూపించేది 12.4. ఆక్సిజన్ మోసే సరుకు 20 గ్రాములు పెరిగింది, రిపోర్టులో అంకె మాత్రం 0.6 తగ్గింది. దీన్ని 'స్పోర్ట్స్ ఎనీమియా' అంటారు. పేరులో ఎనీమియా ఉన్నా నిజానికి రక్తహీనత కాదు, ఫిట్‌నెస్‌కి గుర్తు.

దీనికి తిరకాసు కూడా ఉంది. చెమట బాగా పట్టి నీళ్లు తాగకుండా వెళ్తే రక్తం చిక్కబడి, హిమోగ్లోబిన్ ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు కూడా ప్లాస్మా అటూ ఇటూ జరుగుతుంది. డోపింగ్ నిరోధక సంస్థలు రక్తం తీసే ముందు క్రీడాకారుల్ని కనీసం 10 నిమిషాలు కూర్చోబెట్టేది ఇందుకే. మామూలు ల్యాబ్‌లో మనం ఆటో దిగి, మెట్లెక్కి, నేరుగా కుర్చీలో చెయ్యి చాపుతాం.

ఇంతకీ మన రన్నర్ 12.4 పలచబడ్డ రక్తమా, నిజంగా తగ్గిన హిమోగ్లోబిన్నా? ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. దాని పక్క అంకె చూడాలి.

## గాదె ఖాళీ అవుతున్నా వంట ఆగదు: ఫెరిటిన్ కథ

హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. ఆ ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్. ఇంట్లో వంట రోజూ జరుగుతూనే ఉంటుంది, గాదెలో ధాన్యం మాత్రం తరుగుతూ ఉంటుంది. వంట ఆగిన రోజే అందరికీ తెలుస్తుంది. ఇనుము లోపం కూడా అలాగే మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదట ఫెరిటిన్ తగ్గుతుంది. తర్వాత రక్తంలో ఇనుమును మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ మామూలు కన్నా ఖాళీగా తిరగడం మొదలవుతుంది. దాన్ని ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే శాతంలో చూస్తారు. ఆఖరున హిమోగ్లోబిన్ పడిపోతుంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసేవాళ్లకు మొదటి రెండు మెట్లూ కనపడవు.

రన్నర్ల గాదె ఎందుకు త్వరగా తరుగుతుంది? కారణాలు చాలా ఉన్నాయి. నెలసరి రక్తస్రావం అన్నిటికన్నా పెద్దది. పొడవాటి పరుగుల్లో పేగులకు రక్తం తగ్గి అక్కడ కొద్దికొద్దిగా రక్తం పోవచ్చు. చెమటలో కొంచెం పోతుంది. పాదం నేలను బాదినప్పుడల్లా అరికాలి రక్తనాళాల్లో కొన్ని ఎర్ర కణాలు చితుకుతాయి. సుదీర్ఘంగా కవాతు చేశాక ఒక జర్మన్ సైనికుడికి మూత్రం ఎర్రబడటాన్ని 1881లోనే వైద్యులు నమోదు చేశారు. అయితే పాదం దెబ్బే మొత్తం కథ కాదు, ఈతగాళ్లలో కూడా కొంత కణాల నష్టం కనపడుతుంది.

వీటన్నిటికన్నా ఆసక్తికరమైన కారణం హెప్సిడిన్. లివర్ తయారుచేసే ఈ హార్మోన్ 2000 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. పేగు నుంచి ఇనుము రక్తంలోకి వచ్చే తలుపుకి ఇది గడియ లాంటిది. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) సంకేతాలు పెరిగితే ఆ గడియ పడుతుంది. క్రిములకు ఇనుము దొరక్కుండా చేయడం శరీరం పాత తెలివి. గట్టిగా పరిగెత్తినప్పుడు కూడా అవే సంకేతాలు పెరుగుతాయి కాబట్టి, పరుగు ముగిసిన 3 నుంచి 6 గంటల మధ్య హెప్సిడిన్ ఎక్కువవుతుంది. అంటే కష్టపడి శిక్షణ చేసేవాళ్లకి ఇనుము ఎక్కువ కావాలి, కానీ వాళ్ల తలుపే ఎక్కువసేపు మూసుకుని ఉంటుంది. ఇనుము మాత్రను రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మోతాదులో ఒంటికి పట్టే భాగం పెరుగుతుందని, ఇనుము నిల్వలు తగ్గిన యువతులపై జరిగిన, 2017లో వచ్చిన అధ్యయనం చూపించింది. దాని వెనక ఉన్నదీ ఈ హార్మోనే. మాత్ర వేసుకున్నా హెప్సిడిన్ పెరుగుతుంది మరి.

రక్తహీనత లేకుండానే అలసట ఎలా వస్తుంది? ఇనుము పని హిమోగ్లోబిన్‌తో అయిపోదు. కండరంలో ఆక్సిజన్ దాచే మయోగ్లోబిన్‌కి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైములకు కూడా ఇనుము కావాలి.

2012లో వచ్చిన ఒక పరీక్ష ఈ వాదనకు బలం ఇచ్చింది. హిమోగ్లోబిన్ 12 పైన, ఫెరిటిన్ 50 లోపు ఉండి, కారణం తెలియని అలసటతో బాధపడుతున్న 198 మంది మహిళలను తీసుకున్నారు. సగం మందికి 12 వారాలు రోజుకి 80 మిల్లీగ్రాముల ఇనుము, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఇనుము తీసుకున్నవాళ్ల అలసట స్కోరు దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్రల గుంపులో కూడా 29 శాతం తగ్గింది. రెండో అంకెను చాలామంది చెప్పరు. అలసట విషయంలో నమ్మకం, కాలం కూడా మందులాగే పనిచేస్తాయి కాబట్టి, 'నేను మాత్ర వేసుకున్నాను, బాగైంది' అన్న సాక్ష్యాన్ని కొంచెం తగ్గించే వినాలి.

## 15 చాలా, 30 కావాలా, 50 ఉండాలా?

ఫెరిటిన్ ఎంత ఉంటే తక్కువ? దీనిమీద నిజమైన తగువు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆరోగ్యవంతులైన పెద్దలకు 15 లోపు అయితేనే లోపం అంది. క్రీడా వైద్యుల్లో చాలామంది 30 లేదా 35 గీత దగ్గరే అప్రమత్తమవుతారు. 50 లోపు ఎవరున్నా చికిత్స చేయవచ్చనేవాళ్లూ ఉన్నారు.

15 అనేవాళ్ల వాదన: ఆ స్థాయిలో ఎముక మజ్జలో ఇనుము నిజంగా ఖాళీ అయినట్టు రుజువుంది, అంతకు పైన లోపం అని ముద్ర వేస్తే ఆరోగ్యంగా ఉన్న కోట్లమంది రోగులైపోతారు. 50 అనేవాళ్ల వాదన: అంతకన్నా ముందే శరీరం ఇనుము పీల్చుకోవడం పెంచుతుంది, అంటే దానికి చాలడం లేదనే కదా. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. నా దృష్టిలో ఈ తగువు 18కి పెద్దగా వర్తించదు. అలసట ఉండి, పరుగు మందగించి, ఫెరిటిన్ 18 ఉన్న మనిషి విషయంలో ఏ వైద్యుడైనా ఇంకాస్త లోతుగా చూస్తాడు. తగువంతా 42 ఉన్నవాళ్ల గురించి. ఫెరిటిన్ 42 ఉండి హాయిగా పరిగెడుతున్న మనిషి దాన్ని 80 చేయాలని మాత్రలు మింగితే వేగం పెరుగుతుందన్న ఆధారం బలంగా లేదు. లోటు ఉన్నవాళ్లకే ఇనుము పనిచేస్తుంది.

పైగా ఇనుము ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పంపే దారి శరీరానికి దాదాపు లేదు. హీమోక్రొమటోసిస్ అనే జన్యు సమస్య ఉన్నవాళ్లలో అది లివర్‌లో, గుండెలో పేరుకుంటుంది. వాళ్లకి కూడా మొదట కనపడే లక్షణం తరచుగా అలసటే. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మొదలుపెట్టడం ప్రమాదం అనేది అందుకే.

ఫెరిటిన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు గాదెతో సంబంధం లేకుండా ఫెరిటిన్ పెరుగుతుంది. అందుకే దానితోపాటు వాపును కొలిచే సీఆర్‌పీ చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇన్ఫెక్షన్ లేదా వాపు ఉన్న పెద్దల్లో గీతను 15 నుంచి 70కి జరిపింది. గట్టి పరుగు మర్నాడు కూడా ఫెరిటిన్ కాస్త పైకి కనపడవచ్చు. మన రన్నర్ రక్తమిచ్చింది 28 కిలోమీటర్ల మర్నాడు. ఆమె అసలు నిల్వ 18 కన్నా తక్కువే కావచ్చు. ల్యాబ్ రేంజ్ 13 నుంచి 150 కాబట్టి అది నల్ల అక్షరాల్లోనే ఉండిపోయింది.

## మొన్న 40, ఇవాళ 30: తగ్గినట్టేనా?

ఒకే మనిషి రక్తాన్ని రెండు వేర్వేరు రోజుల్లో పరీక్షిస్తే అంకెలు ఒకేలా రావు. కొంత తేడా శరీరానిది, కొంత యంత్రానిది. ఫెరిటిన్ విషయంలో ఒకే మనిషిలో రోజువారీ ఊగిసలాట సుమారు 13 శాతం. యంత్రం తేడా 5 శాతం అనుకుందాం. రెండింటినీ గణాంక సూత్రంలో పెడితే, రెండు రిపోర్టుల మధ్య తేడా దాదాపు 40 శాతం దాటితేనే ఏదో నిజంగా మారిందని ధైర్యంగా అనగలం. 40 నుంచి 30కి రావడం 25 శాతమే. అది ఉత్త ఊగిసలాట కావచ్చు. 40 నుంచి 18కి వస్తే మాత్రం 55 శాతం. అది కబురు.

కాబట్టి ఒక్క రిపోర్టు కన్నా, ఒకే ల్యాబ్‌లో, ఒకే పరిస్థితుల్లో తీసిన మూడు నాలుగు రిపోర్టుల వరస ఎక్కువ చెబుతుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2009లో తెచ్చిన బయలాజికల్ పాస్‌పోర్ట్ ఈ ఆలోచన మీదే నడుస్తోంది. అందరికీ ఒకే గీత పెట్టకుండా, ఒక క్రీడాకారుడి పాత రక్తాన్ని బట్టి అతనికే ప్రత్యేకమైన హద్దులు లెక్కగడతారు. అందరికీ ఒకే గీత ఎందుకు పనికిరాదో ఫిన్లాండ్ స్కీయింగ్ వీరుడు ఏరో మాన్టిరాంటా కథ చెబుతుంది. ఒలింపిక్స్‌లో 7 పతకాలు గెలిచిన ఆయనకు హిమోగ్లోబిన్ అసాధారణంగా ఎక్కువ. పుట్టుకతో వచ్చిన జన్యు మార్పే దానికి కారణమని 1990ల్లో తేలింది.

## విటమిన్ డి, బి12, థైరాయిడ్

రిపోర్టులో విటమిన్ డి 24 అని ఎర్రగా ఉంది. అది తక్కువో కాదో ఏ పుస్తకం తెరిచామన్నదాని మీద ఆధారపడుతుంది. 2011లో అమెరికాలోని ఒక నిపుణుల సంఘం 20 చాలంది. అదే ఏడాది హార్మోన్ల వైద్య నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలంది. ల్యాబ్‌లు చాలావరకు రెండోదాన్ని పట్టుకున్నాయి. 2024లో ఆ సొసైటీయే 30 లక్ష్యాన్ని వదిలేసి, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్ష మామూలుగా అక్కర్లేదంది. బాగా తక్కువైతే ఎముకలకు నష్టమే, రన్నర్లలో ఎముక పగుళ్ల దృష్ట్యా అది చిన్న విషయం కాదు. కానీ 24ని 40 చేస్తే మారథాన్ వేగం పెరుగుతుందని నమ్మడానికి తగిన ఆధారం లేదు.

బి12 లోపం జంతు సంబంధ ఆహారం తినని వాళ్లలో ఎక్కువ. ఇనుము లోపంలో ఎర్ర కణాలు చిన్నవవుతాయి, బి12 లోపంలో పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి ఉంటే కణాల సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, అమాయకంగా మామూలుగా కనపడుతుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ పట్టిస్తుంది. కణాల సైజుల్లో తేడా ఎంతుందో అది చెబుతుంది కాబట్టి.

థైరాయిడ్ మందగించినా నీరసం వస్తుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఇక్కడ జుట్టుకోసం వేసుకునే బయోటిన్ మాత్రల సంగతి ఒకటుంది. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని పరీక్షా విధానాల్లో టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ట్రోపోనిన్‌నీ తప్పుగా చూపించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

## తిండి చాలనప్పుడు హార్మోన్లు ఏం చెబుతాయి

పరుగుకు ఖర్చయ్యేంత తిండి లోపలికి వెళ్లకపోతే, శరీరం పొదుపు మొదలుపెడుతుంది. ఆడవాళ్లలో నెలసరి దారి తప్పుతుంది లేదా ఆగిపోతుంది, మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, థైరాయిడ్ హార్మోన్లలో టీ3 తగ్గుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి 'రెడ్-ఎస్' అని పేరు పెట్టి, 2018లోనూ 2023లోనూ వివరణను సవరించింది. ఇక్కడ రక్తం తోడు సాక్షి మాత్రమే. అసలు సాక్ష్యం తిండి, బరువు, నెలసరి, ఎముకలు చెప్పే కథలో ఉంటుంది.

అమెరికా రన్నర్ ర్యాన్ హాల్ 2007లో హ్యూస్టన్‌లో హాఫ్ మారథాన్‌ని 59 నిమిషాల 43 సెకన్లలో ముగించాడు. 2016 జనవరిలో, 33 ఏళ్లకే రిటైర్ అవుతూ తీరని అలసట గురించి, ఎన్నాళ్లుగానో తక్కువగా ఉన్న టెస్టోస్టిరాన్ గురించి చెప్పాడు. తక్కువ హార్మోన్ వల్ల అలసటా, ఏళ్ల తరబడి సాగిన కఠిన శిక్షణ వల్ల రెండూనా? అంకె ఒక్కటే ఆ చిక్కు విప్పదు. పైగా టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం తీసిన రక్తాన్ని పొద్దుటి రేంజ్‌తో పోలిస్తే లేని జబ్బు కనపడుతుంది.

ఇక 'ఓవర్‌ట్రైనింగ్ పరీక్ష' అని అమ్మేవాటి గురించి ఒక మాట. టెస్టోస్టిరాన్‌కీ ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌కీ మధ్య నిష్పత్తి 30 శాతం పడిపోతే ఓవర్‌ట్రైనింగ్ అని 1980ల్లో ఒక ప్రతిపాదన వచ్చింది. వినడానికి చక్కగా ఉంది. కానీ 2013లో యూరప్, అమెరికా క్రీడా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం ఓవర్‌ట్రైనింగ్‌ని తేల్చే ఒక్క రక్త పరీక్ష కూడా లేదు. మిగతా కారణాలన్నీ కొట్టివేశాక మిగిలేదే అది.

## పరిగెడుతూ చేసే రక్త పరీక్ష: లాక్టేట్

ఇప్పటిదాకా చెప్పుకున్నవి కుర్చీలో కూర్చుని చేయించుకునేవి. లాక్టేట్ పరీక్ష వేరు. ట్రెడ్‌మిల్ మీద కొన్ని నిమిషాలకోసారి వేగం పెంచుతూ, ప్రతి మెట్టు చివరా వేలి కొస నుంచి గానీ చెవి తమ్మె నుంచి గానీ ఒక చుక్క రక్తం తీస్తారు. చూడటానికి సులువే. కానీ చేసేవాళ్లని గమనించండి: ముందు చర్మాన్ని శుభ్రంగా తుడుస్తారు, సూది గుచ్చాక వచ్చిన మొదటి చుక్కను పారేసి రెండోదాన్ని తీసుకుంటారు. చెమటలో లాక్టేట్ చాలా ఎక్కువ. ఒక్క బొట్టు కలిసినా అంకె అబద్ధమాడుతుంది.

లాక్టేట్ అలసట పుట్టించే విషం అన్న పాత మాట నిలవలేదు. కండరాలు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. అది రక్తంలో పేరుకోవడం మొదలైందంటే, తయారీ వాడకాన్ని దాటిపోతోందని అర్థం. ఆ వేగం ఎంతో తెలిస్తే శిక్షణ ఎంత గట్టిగా ఉండాలో తెలుస్తుంది.

ఒక రన్నర్ గంటకి 10, 11, 12, 13 కిలోమీటర్ల వేగంలో వరసగా 1.2, 1.6, 2.9, 5.8 మిల్లీమోల్స్ చూపించాడనుకుందాం. మూడు నెలల తర్వాత అవే వేగాల్లో 1.1, 1.2, 1.9, 3.8. వేగం అడ్డంగా, లాక్టేట్ నిలువుగా పెట్టి గీసిన గీత కుడివైపుకి జరిగింది, అంటే అదే వేగం ఇప్పుడు తేలికైంది. టోక్యోలో 1500 మీటర్లు, పారిస్‌లో 5000 మీటర్ల స్వర్ణాలు గెలిచిన జాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ లాంటి నార్వే రన్నర్ల శిక్షణలో ఈ చుక్క రక్తానికి పెద్ద పీట ఉంది. వేగం పెంచడానికి కన్నా, లాక్టేట్ పేరుకునే హద్దు దాటకుండా తమను తాము ఆపుకోవడానికి వాళ్లు దాన్ని వాడతారు.

చిక్కు ఏమిటంటే, అలసిపోయిన ఒంట్లో కూడా గీత కుడికి జరుగుతుంది. కండరాల్లో గ్లైకోజెన్ (దాచుకున్న పిండిపదార్థం) నిల్వ అడుగంటితే లాక్టేట్ తయారవ్వడానికి సరుకే ఉండదు. అతిగా శిక్షణ చేసి చతికిలబడ్డవాళ్లలోనూ అంకెలు తక్కువే వస్తాయి. అంకె చూస్తే ఫిట్‌నెస్ పెరిగినట్టుంటుంది, మనిషిని చూస్తే కాళ్లు ఈడుస్తుంటాడు. అందుకే ఆ వేగంలో గుండె ఎంత కొట్టుకుంది, ఎంత కష్టమనిపించింది అన్నది కూడా పక్కన రాసుకుంటారు.

## ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా చేయించుకోవాలా?

క్రీడాకారుల కోసమని ప్యాకేజీలు అమ్మేవాళ్లు ల్యాబ్ రేంజ్ సరిపోదంటారు, తమ 'ఆప్టిమల్ రేంజ్' ఇంకా ఇరుకుగా గీస్తారు. ఫెరిటిన్ విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉందని పైన చూశాం. కానీ గీత ఎంత ఇరుకైతే ఎర్ర అంకెలు అంత పెరుగుతాయి, వాటితోపాటు సప్లిమెంట్ల అమ్మకాలూ పెరుగుతాయి. లక్షణాలు లేనివాళ్లలో పెద్ద ప్యాకేజీలు మేలు కన్నా గందరగోళం ఎక్కువ తెస్తాయన్నది చాలామంది వైద్యుల అభిప్రాయం. మధ్యేమార్గం కూడా ఉంది. ఎక్కువ దూరాలు పరిగెత్తే ఆడవాళ్లు, మాంసాహారం తినని రన్నర్లు, ఇదివరకే ఇనుము లోపం వచ్చినవాళ్లు బాగున్నప్పుడే సీబీపీ (రక్తకణాల, హిమోగ్లోబిన్ పరీక్ష), ఫెరిటిన్ చూసుకుని దాచుకుంటే, బాగా లేనప్పుడు పోల్చడానికి తమ అంకె తమ దగ్గర ఉంటుంది. నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది.

మన రన్నర్ దగ్గర అలాంటి పాత అంకె లేదు. ఆమెను చూసిన డాక్టరు లివర్ స్కాన్ రాయలేదు, విటమిన్ డి గురించి ఒక్క మాటలో తేల్చేశారు. నాలుగు రోజులు పరుగు ఆపి, నీళ్లు తాగి, పొద్దున్నే వచ్చి కాసేపు కూర్చున్నాక రక్తమివ్వమన్నారు. రెండో రిపోర్టులో ఎస్‌జీవోటీ 27, సీకే 150, జీజీటీ మామూలు, సీఆర్‌పీ మామూలు. హిమోగ్లోబిన్ 12.5. ఫెరిటిన్ 14. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 13 శాతం. ఈసారి కూడా ఫెరిటిన్ నల్ల అక్షరాల్లోనే ఉంది. డాక్టరు కాగితం బల్లమీద బోర్లా పెట్టి, నెలసరి ఎన్ని రోజులుంటుంది, పరుగుల ముందు నొప్పి మాత్రలు వేసుకుంటావా, మలం ఎప్పుడైనా నల్లగా వచ్చిందా అని అడగడం మొదలుపెట్టారు.